మగ్గం మీద కుట్టించిన గ్రాఫు

మాదాపూర్‌లో నేనుండే లేడీస్ హాస్టల్లో గదికి ఇద్దరం. నాతో ఉన్నావిడ పెళ్ళి చేసుకుని పుణె వెళ్ళిపోయాక రెండో మంచం కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. ఖాళీ అంటే పూర్తిగా కాదు, ఉతికిన బట్టలు, ఉతకాల్సిన బట్టలు దాని మీద కలిసి కాపురం చేసేవి. ఒక ఆదివారం పొద్దున హాస్టల్ ఆంటీ తలుపు కొట్టి, "కొత్తమ్మాయి వచ్చిందమ్మా, ఆ మంచం ఖాళీ చెయ్యి" అంది. ఆవిడ పక్కకు జరిగితే వెనక ఒక అమ్మాయి కనబడింది. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నదై ఉంటుంది. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో తెల్ల కర్ర.

నేను కంగారుగా లేచి నిలబడి నవ్వాను. నవ్వు ఆమెకు కనబడదని తట్టి మానేశాను. ఏం మాట్లాడాలో తోచక అలాగే నిలబడిపోయాను.

"అక్కా, ఉన్నవా? మాట్లాడితేనే గద నువ్వేడున్నవో తెలిసేది," అంది ఆ అమ్మాయి.

"ఇక్కడే ఉన్నానమ్మా, కిటికీ పక్కన."

"కిటికీ పక్క మంచం నీదేనా? అయితే గాలి మొత్తం నీకే అన్నట్టు!"

బీరువా ఎక్కడుంది, బాత్రూమ్ గడప ఎంత ఎత్తు, నేను చెప్పులు ఎక్కడ విడుస్తాను, అన్నీ అడిగి, చేత్తో తడిమి చూసుకుంది. స్విచ్‌బోర్డు దగ్గర ఆగి, "వీటిల ఫ్యానుది ఏది? లైటుది నాకొద్దు, నీకే ఇచ్చేస్తున్న," అని పకపకా నవ్వింది. నవ్వొచ్చో లేదో తెలియక నేను ఒక్క క్షణం ఆగాను. తర్వాత నవ్వేశాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆగలేదు.

తనది జనగామ దగ్గర పల్లె. నాన్న తాపీమేస్త్రీ. పుట్టుకతోనే చూపు లేదు. చూపులేని పిల్లల బడిలో చదివి, నగరంలో డిగ్రీ చేసి, గచ్చిబౌలిలో ఒక కంపెనీలో కస్టమర్ల ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగంలో చేరింది. మాది తణుకు పక్క ఊరు. నేను అప్పటికి చాలా ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. నా అండీలు ఆమెకు తమాషా. "మీ తానోళ్ళు తిట్టినా గూడ అండి పెట్టే తిడతరా అక్కా?" అని అడిగేది. "పెద్దవాళ్ళనైతే పెట్టే తిడతాం," అని నేను ఒప్పుకునేదాన్ని.

తన ఫోను తెర మీదున్నదంతా పైకి చదివేది. ఎంత వేగమంటే, నాకది పిచ్చుకల గోలలా వినబడేది. ఆమె మాత్రం ఆ గోలలోంచే మెసేజీలు వినేది, వార్తలు వినేది, నా పుట్టినరోజుకు కేకు కూడా తెప్పించింది.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నాం. నేను తీగ మీంచి తీసి ఇస్తుంటే తను మడతపెడుతోంది.

"అక్కా, నువ్వు ఇంజినీరింగ్ చదివినవ్ గద. నాకు లెక్కలు చెప్తవా?"

"ఇప్పుడు లెక్కలెందుకు?"

"ఎంబీఏ ఎంట్రెన్స్ రాస్త. ఫోన్లు ఎత్తుకుంట ఎన్నేండ్లు కూసుంటా? మా ఆఫీసుల మీటింగ్ అయితే గోడ మీద గ్రాఫు చూపెట్టి, గిది పెరిగింది, గది తగ్గింది అంటరు. నేను అందరితోని తలకాయ ఊపుత. ఎంత పెరిగింది? నాకేం ఎరుక?"

బడిలో పై తరగతులకు వచ్చాక తనకు బొమ్మలున్న లెక్కలేవీ చెప్పలేదట. త్రిభుజం వచ్చినా, గ్రాఫు వచ్చినా, "గిది నీకొద్దులే బిడ్డా, దీని బదులు నీకు వేరే ప్రశ్న ఇస్తరు," అనేవారట లెక్కల సారు.

"మంచోడే పాపం. నేను పరేషాన్ అయితనని అట్లన్నడు," అంది. "కానీ అక్కా, వద్దన్న దాని మీదికే గద మనసు పోయేది."

మరునాటి నుంచే మొదలుపెట్టాం. పొద్దున్నే, ఆఫీసులకు బయలుదేరే ముందు ఒక గంట. తనకు కాగితంతో పని లేదు. రెండు సమీకరణాలు చదివి వినిపిస్తే రెండింటినీ బుర్రలో పెట్టుకుని, పెదాలు కదుపుతూ, x ఎంతో y ఎంతో తేల్చేసేది. ఫంక్షన్ అంటే ఏమిటో చెబుతుంటే మధ్యలోనే అందుకుంది. "ఒక అంకె లోపలికేస్తే ఒక అంకె బయటికొస్తది. పిండిగిర్ని లెక్క, గంతేనా?" అంతే అన్నాను. రెండు వారాలు హాయిగా గడిచాయి.

ఆ తర్వాత ఒక పాత ప్రశ్నపత్రంలో గ్రాఫు వచ్చింది. "ఈ గ్రాఫు f అనే ఫంక్షన్‌ది. f(2) విలువ ఎంత?" అని ప్రశ్న. తన ఫోను ప్రశ్నను గడగడా చదివి, గ్రాఫు దగ్గరకు రాగానే "ఇమేజ్" అని ఒక్క ముక్క చెప్పి కింది ప్రశ్నకు వెళ్ళిపోయింది.

"ఇమేజ్‌ల ఏమున్నదక్కా?"

"ఒక గీత ఉంది. ఎడమ వైపు కింద మొదలై పైకి వెళ్ళి, మళ్ళీ కుడి వైపు దిగుతోంది."

"ఎంత పైకి?"

"బాగానే పైకి వెళ్ళింది."

"బాగానే అంటే?"

"కొండలాగా అనుకో."

"నువ్వు చెప్పేది పాట లెక్కున్నది అక్కా. నాకు అంకె కావాలె."

నాకు నవ్వొచ్చింది గానీ, ఆ మాట నిజం. ఆఫీసులో రోజూ ఇలాంటి గీతలు చూస్తాను. పైకి పోతే సంతోషం, కిందికి పోతే కంగారు. అంతకు మించి వాటిని చదివే ఓపిక ఎప్పుడూ పెట్టలేదు. ఇప్పుడు తెర దగ్గరికి ముఖం పెట్టి, 2 దగ్గర నుంచి పైకి చూసి, "నాలుగు" అన్నాను.

"నాలుగని నువ్వు చూసి చెప్పినవ్. పరీక్షల నువ్వుండవు గద," అంది. "నా పక్కన స్క్రైబ్ కూసుంటది. ప్రశ్న చదివి వినిపించి, నేను చెప్పిన జవాబు నొక్కుతది. లెక్కలు చదివినోళ్ళను ఇయ్యరు. ఆమెకు గ్రాఫు చూడరాకుంటే? వేలు గీడ పెట్టు, గిట్ల పో, గాడ ఆగు అని నేనే చెప్పాలె. నాకే ఎరుకలేకుంటే ఏం చెప్త?"

కాబట్టి గ్రాఫు ఆమె చేతికి అందాలి. మొదట అరచేతిలో వేలితో గీసి చూపించాను. చక్కిలిగింతలు పుట్టి చెయ్యి లాగేసుకుంది. తర్వాత ఒక అట్ట మీద మైదా జిగురుతో పెసలు అంటించాను. అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస, వాటి మీదుగా వంపు తిరుగుతూ ఇంకో వరుస. మొదటి రోజు బాగానే సాగింది. రెండో రోజు వేలు తగిలి తగిలి పెసలు ఊడడం మొదలుపెట్టాయి.

"అక్కా, నిన్న రెండు దగ్గర పోతే నాలుగు తగిలింది. ఇయ్యాల ఏం తగుల్తలేదు."

"ఊడిపోయినట్టుంది."

"ఊడి ఏడికి పోయింది? నా f(2) మంచం కిందికి పోయింది!" అంటూ వంగి వెతకడం మొదలుపెట్టింది. మూడో రోజుకు గ్రాఫుకు చీమలు పట్టాయి. హాస్టల్ ఆంటీ గది ఊడ్పించి, పెసలు వంటకు, కాగితాలు చదువుకు అని మా ఇద్దరికీ కలిపి హితబోధ చేసి వెళ్ళింది.

ఆ వారం చివర తను చిన్నాన్న కూతురి పెళ్ళికి వెళ్ళాలని సూట్‌కేసు సర్దుకుంటోంది. ఒక బ్లౌజు తీసి, చేతులను మెల్లగా తడిమి, "అక్కా, ఈ నెమలి ముక్కు కాడ పూస ఊడింది, చూడు," అంది. తీసుకుని చూశాను. మగ్గం వర్క్ చేసిన బ్లౌజు. చేతి మీద నెమలి. ముక్కు దగ్గర పూస లేదు, సన్నటి దారపు పోగు మాత్రం మిగిలి ఉంది. నేను కళ్ళు మూసుకుని నెమలి మెడ మీద వేలు నడిపాను.

"ఏమైందక్కా? మస్తు ఖరాబయిందా?"

"లేదు. గ్రాఫు కూడా ఇలా కుట్టిస్తే ఎలా ఉంటుంది?"

తను నా చేతిలోంచి బ్లౌజు లాక్కుని, మిగిలిన పూసలను గోటితో లాగి చూసింది. తర్వాత, "ఊడదు! చీమలు గూడ తినయి!" అని చప్పట్లు కొట్టింది.

మా సందు మలుపులో ఒక మగ్గం వర్క్ దుకాణం ఉంది. నడిపే ఆవిడ యాభై దాటిన మనిషి, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. నాలుగు కర్రల చట్రానికి గుడ్డ బిగించి, దాని ముందు కూర్చుని, కొక్కెం సూదితో టకటకా పువ్వులు పూయిస్తూ ఉంటుంది. గళ్ళ కాగితం మీద నేను గీసిన గ్రాఫును ఆవిడ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేం డిజైన్ బిడ్డా? వీపుకా, చేతులకా?"

"బ్లౌజుకు కాదండి. చదువుకోడానికి."

"చదువుకునేటందుకు మగ్గం వర్కా!" ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

నా రూమ్మేట్ ముందుకు వచ్చింది. "అమ్మా, నాకు కండ్లు కనబడయి. చేతితోని చదువుకుంట. అడ్డగీత, నిలువుగీత లావు దారంతోని కుట్టు. ఒక్కొక్క అంకె కాడ చిన్న పూస పెట్టు. రెండు గీతలు కలిసిన కాడ పెద్ద ముత్యం. గళ్ళు సన్న దారంతోని. అసలు వంపు గీతకు మాత్రం చుట్టలు తిరిగిన తీగ ఉంటది గద, గా స్ప్రింగు వెయ్యి, వేలికి జర గట్టిగ తగలాలె."

ఆవిడ వింటూ వింటూ మాతో పాటు ఆ పనిలో పడిపోయింది. గుడ్డ మందంగా ఉండాలని తనే చెప్పింది. "రంగేం పెట్టాలె బిడ్డా?" అని అడిగి, అంతలోనే నాలుక కరుచుకుంది.

"నీకు నచ్చింది పెట్టమ్మా," అంది నా రూమ్మేట్ నవ్వుతూ. "అక్క చూసి మురుస్తది."

శనివారం తెచ్చుకున్నాం. గులాబీ రంగు గుడ్డ, బంగారు రంగు వంపు. ఏ పెళ్ళికూతురైనా కట్టుకుపోయేలా ఉంది. మంచం మీద పరిచి, ఆమె వేలును ముత్యం మీద పెట్టాను.

"ఇది సున్నా. ఇప్పుడు f(2) కావాలి. కుడి వైపు రెండు పూసలు జరుగు. అక్కడ ఆగి, సన్న దారం పట్టుకుని పైకి వెళ్ళు. స్ప్రింగు తగిలే దాకా వెళ్ళు."

"తగిలింది."

"ఇప్పుడు పైకీ కిందికీ జారకుండా ఎడమకు రా. నిలువుగీత తగులుతుంది. కింది నుంచి ఎన్నో పూస?"

ఆమె లెక్కపెట్టింది. "నాలుగు. f(2) అంటే నాలుగు!" అని, నన్ను ఆగమని చెయ్యి చూపించి, తనే మొదలుపెట్టింది. మూడు దగ్గర ఐదు. నాలుగు దగ్గర మళ్ళీ నాలుగు. సున్నా దగ్గర అటూ ఇటూ జరగకుండానే పైకి వెళ్ళి ఒకటి. తర్వాత ఎడమ వైపు మైనస్ రెండుకు వెళ్ళింది.

"మీద ఏం లేదక్కా."

"కిందికి చూడు."

వేలు కిందికి దిగింది. "ఓహో, సెల్లార్ల ఉన్నదా!"

ఇక ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మైనస్ విలువలంటే, మేడల కింద బండ్లు పెట్టుకునే సెల్లారే.

ఐదు దగ్గరకు వచ్చేసరికి చిక్కు వచ్చింది. "రెండు," అంది. కానీ ఆమె వేలు అక్కడ ఆగలేదు. అలవాటుగా ఇంకొంచెం పైకి పోయి, మళ్ళీ ఆగింది. "మూడు కాడ గూడ తగిలింది. రెండా, మూడా? ఏది చెప్పాలె?"

వంగి చూశాను. నేను గీసిచ్చిన గీత ఆరు దగ్గర ఆగిపోవాలి. దుకాణం ఆవిడ దాన్ని ఆపలేదు. తీగ కొసను తిప్పినట్టు పైకి తిప్పి, వెనక్కి ఐదు మీదికి తెచ్చి, ఆ ఒంపులో ఒక చిన్న పూసల పువ్వు కూడా పెట్టింది. పొద్దున గదికి తెస్తున్నప్పుడు నేను దాన్ని చూశాను కూడా. అందంగా ఉందనుకున్నాను, అంతే.

"ఆవిడ కొస తిప్పేసింది," అన్నాను. "అలా ఉండకూడదు. ఐదు లోపలికి వేస్తే ఒకటే అంకె బయటికి రావాలి."

"గిర్నిల జొన్నలు పోస్తే జొన్నపిండి, గోధుమపిండి రెండూ వచ్చినట్టయింది." ఆమె వేలు ఆ ఒంపు చుట్టూ తిరిగింది. "అంటే గిది ఫంక్షనే కాదు."

"కాదు."

ఒంపు మీంచి వేలు తీసి, "మరి బయోడైవర్సిటీ జంక్షన్?" అంది.

"దానికేమైంది?"

"గాడ కింద రోడ్డు, మీద ఒక ఫ్లైఓవర్, దాని మీద ఇంకో ఫ్లైఓవర్ అంటరు గద. క్యాబ్ అన్నలు చెప్తరు నాకు. గాడ నిలబడి సీదా పైకి పోతే మూడు తగుల్తయి. గది గూడ ఫంక్షన్ కాదన్నట్టు!"

రోజూ ఆ కూడలి మీదుగా ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఆ తర్వాత ఎప్పుడు అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా నాకు నవ్వే వచ్చేది.

"మరొకటి చెప్పక్కా," అని మళ్ళీ గుడ్డ మీదికి వంగింది. "రెండు కాడ నాలుగున్నది, నాలుగు కాడ గూడ నాలుగే ఉన్నది. అడ్డంగ పోతే వంపు రెండు సార్లు తగుల్తది. అది తప్పు కాదా?"

"అది తప్పు కాదు. ఒకే ఎత్తు ఎన్ని చోట్లయినా ఉండొచ్చు. ఒక చోట మాత్రం ఒకటే ఎత్తుండాలి."

"అయితే సమజయింది. మన హాస్టల్ల మూడో అంతస్తుల ఎంతమందన్న ఉండొచ్చు. కానీ నువ్వొక్కదానివే ఒక్కసారే మూడో అంతస్తుల, ఐదో అంతస్తుల ఉండలేవు."

ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదని, అవునన్నాను.

ఆ సాయంత్రమే గుడ్డ పట్టుకుని దుకాణానికి వెళ్ళాం. కొస విప్పమనేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇప్పుడు దేనికి బిడ్డా? తీగకు కొస తిప్పకుంటే మొండి చెయ్యి లెక్కుంటది. నీకని మంచిగ పువ్వు గూడ పెట్టిన."

"పువ్వు మస్తున్నది అమ్మా. కానీ గా తిప్పుడుతోని ఐదు కాడ నాకు రెండు జవాబులొస్తున్నయి."

"రెండొస్తే మంచిదే గద! ఏదన్న ఒకటి రైటయితది."

మేమిద్దరం పడీ పడీ నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా ఆవిడ కూడా నవ్వింది. గుడ్డను మళ్ళీ చట్రానికి బిగించి, కొస విప్పి, పువ్వు తీసింది. "కొసకు ఒక్క పూసన్న పెట్టనియ్యి బిడ్డా, నా పాణం ఒప్పుత లేదు," అని బతిమాలింది. అది మాకూ కావాల్సిందే. గీత అక్కడితో ముగిసిందని చెప్పడానికి పుస్తకాల్లో కూడా అక్కడ ఒక చుక్క పెడతారు. ఆవిడ పెట్టిన పూస మీద వేలు పెట్టి, నా రూమ్మేట్ ఏడు దగ్గరికి వెళ్ళి చూసింది. "పైన లేదు, సెల్లార్ల లేదు. ఏడుకు విలువే లేదు," అని తనే చెప్పింది.

పరీక్షకు ముందు చివరి వారాల్లో పాత్రలు మారాయి. నేను ఏమీ తెలియని స్క్రైబ్‌ని, తను నాకు దారి చెప్పే మనిషి. లాప్‌టాప్‌లో ఏదో ఒక గ్రాఫు తెరిచి కూర్చునేదాన్ని.

"ముందు గిది చెప్పు. ఒక్క గడికి ఎంత?"

ఈ ప్రశ్న మొదట్లో అడిగేది కాదు. ఒకసారి ఒక్కో గడికి రెండు చొప్పున ఉన్న గ్రాఫు వచ్చి, జవాబు సగానికి సగం తప్పింది. అప్పటి నుంచి అదే మొదటి ప్రశ్న.

"గడికి ఒకటి."

"అడ్డగీత మీద మూడు కాడ వేలు పెట్టు. పెట్టినవా? సీదా పైకి పో. గీత తగలకుంటే కిందికి పో. తగిలిన కాడ ఆగు. ఇగ నిలువుగీత ఎటుంటే అటు అడ్డంగ పో. జారకు. ఏం అంకె ఉన్నది?"

నేను కావాలనే జారేదాన్ని. తప్పు అంకె చెప్పేదాన్ని. "నిజంగనే వస్తలేదా, యాక్టింగా?" అని అడిగేది. ఒక్కోసారి నిజంగానే వచ్చేది కాదు. అది మాత్రం నేను చెప్పలేదు. పక్క గది అమ్మాయిలు కూడా వంతులు వేసుకుని స్క్రైబులయ్యారు. వాళ్ళలో ఒకమ్మాయి తెర మీద వేలు పెట్టి పెట్టి, చివరకు లాప్‌టాప్ తుడుచుకునే గుడ్డ కూడా వెంట తెచ్చుకునేది.

పరీక్ష కేంద్రం లింగంపల్లి అవతల పడింది. హైటెక్ సిటీ స్టేషన్లో లోకల్ రైలెక్కి లింగంపల్లిలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాం. ఆమెను గేటు లోపలికి పంపించి, నేను ఎదురుగా ఉన్న చెరుకు రసం బండి నీడలో నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. నా సొంత పరీక్షలకు కూడా అంత గాభరా పడ్డ గుర్తు లేదు. రసం మీద రసం తాగాను. బండి అతను నన్ను చూసి, "పరీక్ష మీ చెల్లెలిదా అక్కా?" అని అడిగాడు. అవునన్నాను.

పరీక్ష అయ్యాక గేటులోంచి జనం బిలబిలా బయటికి వచ్చారు. చివర్లో తను కనబడింది. ఇంటర్ చదువుతున్నట్టున్న ఒక అమ్మాయి మోచెయ్యి పట్టుకుని వస్తోంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడిపోతూ నవ్వుతున్నారు.

"అక్కా, గ్రాఫు వచ్చింది!" అని దూరం నుంచే అరిచింది, నేనెక్కడున్నానో తెలియకుండానే.

బండి దగ్గరే నిలబడి ఇద్దరూ కలిసి చెప్పారు. స్క్రైబ్ అమ్మాయిది కూకట్‌పల్లి. ఇంటర్‌లో బైపీసీ. కూర్చోగానే, "అక్కా, నాకు మ్యాథ్స్ అంటే చచ్చేంత భయమండి," అందట. "నీకు మ్యాథ్స్ రాకున్నా ఏం గాదు. నీ వేలియ్యి, చాలు," అని మా అమ్మాయి ధైర్యం చెప్పిందట.

ప్రశ్న మాత్రం మేము ఎప్పుడూ చెయ్యనిది. గ్రాఫు ఇచ్చి, f(f(1)) ఎంత అని అడిగారు.

"రెండు f లు చూసి నేను ఇంక అయిపోయిందనుకున్నానండి," అంది స్క్రైబ్ అమ్మాయి. "వదిలేద్దామక్కా అన్నాను. అక్క వినలేదు."

"ఎట్ల ఇడుస్త? లోపలి f ముందుగాల అన్న. ఒకటి కాడ వేలు పెట్టు, పైకి పో అన్న. మూడు వచ్చింది. ఇగ ఆ మూడును మళ్ళ గిర్నిల పోసుడే గద! మళ్ళ అడ్డగీత మీదికి రా, మూడు కాడ వేలు పెట్టు అన్న."

"మళ్ళీ మొదటి నుంచా అని అడిగానండి. మళ్ళ మొదటి నుంచే అంది. మూడు దగ్గర పైకి వెళ్తే ఏమీ లేదు. కిందికి వెళ్తే ఉంది. మైనస్ ఒకటి."

"నేను ఆగలేకపోయినక్కా. సెల్లార్! అని ఒర్లిన."

ఇన్విజిలేటర్ పరుగున వచ్చి, "ఏం సెల్లారమ్మా? ఎవరి బండి?" అని అడిగాడట. మా అమ్మాయి ఏం లేదు సార్, జవాబు వచ్చిందని చెప్పిందట. ఆయన కాసేపు అక్కడే నిలబడి, ఏమీ అర్థంకాక వెళ్ళిపోయాడట. స్క్రైబ్ అమ్మాయికి కూడా అప్పటికి అర్థంకాలేదు. బయటికి వస్తూ అడిగి తెలుసుకుందట. అందుకే ఆ నవ్వులు.

ముగ్గురం చెరుకు రసం తాగాం, నేనైతే మళ్ళీ. స్క్రైబ్ అమ్మాయి వెళ్తూ వెళ్తూ, "నాకూ గ్రాఫు చదవడం వచ్చేసిందండి," అని సిగ్గుపడుతూ చెప్పి ఆటో ఎక్కింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె ఫోను ర్యాంకును ఎంత వేగంగా చదివిందంటే, నాకు వినబడలేదు. "ఎంత? ఎంత?" అని నేను మంచం దిగి పరుగెత్తాను. మెల్లగా మళ్ళీ చదివించింది. నగరంలోనే ఒక మంచి కాలేజీలో సీటు రావడానికి సరిపడా ర్యాంకు. జనగామకు ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న కట్టుబడి పనిలో గోడ మీద ఉన్నాడట. అక్కడి నుంచే కూలీలందరికీ కేకేసి చెప్పాడని, ఆ కేకలు ఫోన్లో వినబడ్డాయని నాకు చెప్పి, ఒకేసారి ఏడ్చింది, నవ్వింది. నేను సందులోకి వెళ్ళి జిలేబీ తెచ్చాను. దుకాణం ఆవిడకు కూడా ఇచ్చి వచ్చాం. ఆవిడ మా అమ్మాయి రెండు బుగ్గలూ పుణికి, "ఇగ నీ పెండ్లి జాకెట్ నేనే కుడత," అని అక్కడికక్కడే ఖాయం చేసేసింది.

కాలేజీ మొదలయ్యాక తను అక్కడి హాస్టల్‌కు మారింది. గది బోసిపోయింది. కానీ ఫోన్లకు లోటు లేదు. మొదటి నెలలోనే ఒక సాయంత్రం చేసింది. నేను నార్సింగి వైపు నుంచి కంపెనీ బస్సులో వస్తున్నాను.

"అక్కా, ఇయ్యాల క్లాసుల ఏమైందో ఎరుకనా? మేడం గోడ మీద గ్రాఫు వేసి, అందరికీ కనబడుతోంది కదా అన్నరు. నేను చెయ్యెత్తిన."

"అయ్యో. ఏమన్నావు?"

"మూడో నెల కాడ ఎంత, ఐదో నెల కాడ ఎంత, అంకెలు చెప్పున్రి మేడం అన్న. ఆమె ఆగిన్రు. గోడ కాడికి పోయి, దగ్గర నిలబడి చూసి, ఒక్కొక్కటి చదివిన్రు. మూడో నెలది ముందుగాల తప్పు చదివి, మళ్ళ సరి చేసిన్రు."

"కోపం రాలేదు కదా?"

"అస్సల్ రాలే. అసలు సంగతి విను. క్లాసయినంక ఎనక బెంచీలోళ్ళంత నా తానకు వచ్చిన్రు. థాంక్స్ అన్నరు. వాళ్ళకు గూడ ఏం కనబడత లేకుండెనంట! సిగ్గుకు అడగలేదంట. అందరు తలకాయలు ఊపుకుంట కూసున్నరంట!"

నేను బస్సులో పైకే నవ్వేశాను. పక్క సీటావిడ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి నా వైపు చూసింది.

"ఇప్పుడు మేడం ఏ గ్రాఫు వేసినా అంకెలు చదివే చెప్తా అన్నరు," అంది. ఇంకేదో చెప్పబోతుండగా అటు వైపు నుంచి గిన్నెల చప్పుడు, నలుగురైదుగురి కేకలు వినబడ్డాయి. "ఇగ ఉంట అక్కా. మెస్సుల ఇయ్యాల చికెన్. ఆలస్యమైతే ముక్కలు ఒడిసి షేర్వనే మిగుల్తది," అని పెట్టేసింది.